బెలెన్ చేతికి లొంగే లాప్‌టాప్

జునిల్డా కంగారు మనిషి. పరాగ్వే దేశంలోని ఎర్నందారియాస్‌లో, వాళ్ల వీధిలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. గ్యాసు కట్టానో లేదోనని సగం దారిలోంచి వెనక్కొస్తుంది. కాస్త మబ్బు పడితే చాలు, మొగుడు ఇసీద్రో సోయా లారీ ఏ రోడ్డు మీదుందోనని ఫోను చేస్తుంది. అతను ఎత్తకపోతే, అతని తమ్ముడు అర్సేనియోకి చేస్తుంది. ఇంటి ముందుగదిలో ఆడవాళ్లకి జుట్టు కత్తిరించే దుకాణం పెట్టుకుంది. కత్తెర చేతిలో ఉన్నంతసేపే ఆ మనిషికి నిమ్మళం.

అయితే పోయిన ఏడాది నుంచీ ఆ కంగారుకి అర్థముంది. కూతురు బెలెన్‌కి వేళ్ల కణుపులు వాచినప్పుడు ముందు మందుల షాపాయన మాట నమ్మింది. ఎదిగే పిల్లలకి వచ్చే నొప్పులేనని అతను పూత మందిచ్చాడు. రుద్దింది. వాపు మణికట్టు దాకా పాకాక అప్పుడు రాజధానికి, అసున్సియోన్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. పిల్లలకి వచ్చే కీళ్లవాతం అన్నారు. ఇంకాస్త ముందొస్తే బాగుండేదని కూడా అన్నారు. డాక్టరమ్మ ఆ మాట మెత్తగానే అంది, కానీ జునిల్డా చెవిలో అది అలాగే ఉండిపోయింది. మందులతో వాపు చాలావరకు తగ్గింది. పొద్దుటిపూట బిగుసుకుపోవడం మాత్రం పోలేదు. లేవగానే వేళ్లు సగం ముడుచుకుని ఉంటాయి, గోరువెచ్చని నీళ్లలో పెడితే మెల్లగా విచ్చుకుంటాయి. ఎండెక్కేసరికి మామూలు పిల్లే. బడేమో తెల్లారగానే మొదలు.

వేసవి సెలవులు అయిపోతుండగా క్లాసు టీచరు గ్రిసెల్డా జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. అద్దంలోంచే మాట్లాడింది.

"ఈ ఏడు నోట్సు చాలా ఎక్కువుంటుంది జునిల్డా. బెలెన్‌కి ఒక లాప్‌టాప్ కొనండి. ఇటు లాప్‌టాపూ అటు టాబ్లెట్టూ రెండూ అయ్యేవి వస్తున్నాయి చూడండి, మడిస్తే పలకలా అయిపోతాయి. చేతులు బాగున్నరోజు తెరమీదే పెన్నుతో రాసుకుంటుంది. లేనిరోజు టైపు కొడుతుంది. అదీ కాకపోతే నోటితో చెబితే అదే రాసుకుంటుంది. హెడ్మిస్ట్రెస్‌తో నేను మాట్లాడేశాను, ఒప్పుకున్నారు."

"ఏది కొనాలి టీచర్?"

"అదే నాకు తెలీదమ్మా. నేనింకా చాక్‌పీసు మనిషిని."

ఆ టీచరు వెళ్లిపోయింది గానీ, ఆ ప్రశ్న ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషినీ జునిల్డా అదే అడిగింది. ఒకావిడ మూత వెనక్కి పూర్తిగా తిరిగేది కొనమంది. ఆవిడ తర్వాత కూర్చున్నావిడ, అయ్యో వద్దు, మా అక్క కొడుకుది కీలు దగ్గర పుటుక్కుమని విరిగింది అంది. తెర ఊడొచ్చేదైతే తేలిక అంది ఇంకొకామె. అది ఒళ్లో నిలబడదు, బల్ల ఉండి తీరాలి అంది జడ వేయించుకుంటున్న ఆమె కూతురు. తాకే తెరలు కళ్లకి చేటన్నారు. పెన్ను విడిగా కొనాలన్నారు, లేదు దాంతోనే ఇస్తారన్నారు. జునిల్డా అందరి మాటా విని, అందరి మాటా నమ్మింది.

అత్తగారు తోమాసా వంటింటి గుమ్మంలో కూర్చుని, తెరెరే అనే చల్లటి ఆకు పానీయం గొట్టంతో పీలుస్తూ ఇదంతా చూస్తుండేది.

"నువ్వు మొగుణ్ణి ఎంచుకోడానికి కూడా ఇంత ఆలోచించలేదు కదే!"

"అందుకేగా అత్తయ్యా, ఇప్పుడు ఆలోచిస్తున్నాను."

ముసలావిడకి నవ్వొచ్చి తెరెరే పొలమారింది.

చివరికి మరిది అర్సేనియోని వెంటబెట్టుకుని సియుదాద్ దెల్ ఎస్తెకి బయల్దేరింది. ఊరిదగ్గరే, బస్సుకి అరగంట. వంతెన అవతలి నుంచి బ్రెజిల్ వాళ్లు సంచులేసుకుని వచ్చి కొనుక్కుపోయే ఊరు అది. సందు సందునా ఫోన్లు, కంప్యూటర్లు, టీవీలు. అర్సేనియో ఒకప్పుడు అక్కడ ఫోను కవర్లు అమ్మాడు. అందుకని కంప్యూటర్ల సంగతి తనకే తెలుసని అతని గట్టి నమ్మకం. బెలెన్‌ని తీసుకురాలేదు. బజారంతా తిరిగితే పిల్ల అలిసిపోతుందని జునిల్డా అనుకుంది. పిల్లనొకసారి అడిగుంటే పోయేది. అడగలేదు.

నాలుగంతస్తుల బజారులో ఒక పెద్ద దుకాణంలోకి వెళ్లారు. నిదియా అనే సేల్స్ అమ్మాయి రెండు రకాలు బల్లమీద పెట్టింది. ఒకటి మూత చుట్టూ తిరిగేది, ఇంకొకటి తెర ఊడొచ్చేది. అర్సేనియో దాని మెమరీ ఎంత, లోపలి చిప్పు ఏ తరం అని గుక్కతిప్పుకోకుండా అడుగుతున్నాడు. జునిల్డాకి ఆ మాటలేవీ బుర్రకెక్కలేదు. ఆవిడ కళ్లు మూత అంచు మీదున్నాయి. సన్నగా, జారుడుగా, గోరు దూర్చడానికి కూడా సందు లేకుండా ఉంది. ఆవిడ తన వేళ్లు సగం ముడిచి, పొద్దున్నే బెలెన్ చేతులు ఉండేలాగే పెట్టి, ఆ మూత తెరవబోయింది. రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మొత్తం లాప్‌టాపే బల్లమీద జారింది గానీ మూత లేవలేదు.

"ఏం చేస్తున్నావు వదినా?" అన్నాడు అర్సేనియో గొంతు తగ్గించి. "అందరూ చూస్తున్నారు. పిల్లి తలుపు గోకినట్టు ఏంటది?"

పక్కనున్న ఒకరిద్దరు నిజంగానే నవ్వారు. జునిల్డా మొహం కందిపోయింది. కంగారొస్తే ఆవిడ గొంతు దానంతటదే లేస్తుంది.

"మా అమ్మాయికి చేతులు పనిచెయ్యవు! దానికి వేళ్లు రావు! అందుకే చూస్తున్నాను!"

దుకాణమంతా వినిపించింది. వెనక టీవీల దగ్గర నిలబడ్డ ఒకావిడ తిరిగి చూసింది. ఆవిడ బెలెన్ క్లాసులోనే చదివే ఒక పిల్ల తల్లి. ఆ సంగతి జునిల్డాకి ఆవిడ మొహం చూశాకే తెలిసింది. ఆవిడ జాలిగా తలూపింది. ఏమీ కొనకుండానే జునిల్డా బయటికొచ్చేసింది. బస్సులో అర్సేనియో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి ఆ కబురు క్లాసు వాట్సాప్ గుంపులోకి ఎక్కింది. ఎవరో అయ్యో పాపం అని పెట్టారు, ఇంకొకరు ఏడుపు బొమ్మ పెట్టారు. బెలెన్ ఫోను తీసుకుని దుకాణం గదిలోకి వచ్చింది. అప్పుడు కుర్చీలో ఎవరూ లేరు.

"నా చేతులు పనిచెయ్యవని చెప్పావా?"

"కంగారులో నోరుజారిందే తల్లీ..."

"నా చేతులు పనిచేస్తాయి. నీ నోరే ఆగదు." ఫోను కుర్చీలో పడేసింది. "నాకే లాప్‌టాపూ వద్దు. అందరిలాగే నోట్సు రాసుకుంటాను. ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా నా వేళ్ల గురించి ఎత్తకు."

బడి తెరిచారు. బెలెన్ అన్నంత పనీ చేసింది. నోటుపుస్తకాలు సర్దుకుని అందరిలాగే వెళ్లొచ్చింది. మధ్యాహ్నం ఇంటికొచ్చాక చెయ్యి జేబులోంచి తీసేది కాదు. చెంచా ఎడమచేత్తో పట్టుకునేది. జునిల్డా చూసీ చూడనట్టుండేది, చూడకుండా ఉండలేకపోయేది. అడిగితే పిల్ల దూరమవుతుందని భయం. అడగకపోతే మందుల షాపు రోజుల్లాగే అవుతుందని భయం. జుట్టు కత్తిరిస్తూ కత్తిరిస్తూ మధ్యలో ఆగిపోయేది. ఒకసారైతే ఒకావిడ ముందుజుట్టు ఒకవైపు పొట్టిగా వచ్చింది. ఎన్నడూ జరగని పని అది.

తర్వాత గ్రిసెల్డా టీచరు కబురుపెట్టి బడికి పిలిపించింది. వరండాలో నిలబెట్టి చెప్పింది.

"చరిత్ర పరీక్షలో బెలెన్ మూడు వాక్యాలు రాసి కాగితం ఇచ్చేసింది. మిగతావి ఎందుకు రాయలేదంటే చదవలేదు, తెలీదు అంది. నోటితో అడిగితే అన్నీ చెప్పగలదని నాకు తెలుసు. చెయ్యి నొప్పి అన్న మాట అనడం కంటే, మొద్దు అనిపించుకోవడమే నయమనుకుంటోంది మీ అమ్మాయి."

జునిల్డా ఇంటికి నడిచే వచ్చింది. ఏం మాట్లాడాలో దారంతా కూర్చుకుంది, గుమ్మం దగ్గరికొచ్చేసరికి అంతా మర్చిపోయింది. బెలెన్ పెరట్లో నానమ్మ పక్కన కూర్చుని ఉంది. జునిల్డా ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"ఆరోజు దుకాణంలో అలా అనకూడదు. తప్పు నాదే. నిన్నడక్కుండా నీకోసం కొనబోవడం అంతకంటే పెద్ద తప్పు. ఇప్పుడు నువ్వే రా. నువ్వే చూసుకో. నేను నోరు మూసుకుంటాను."

"నువ్వా?" అంది బెలెన్.

"మూసుకుంటాను."

"దీని నోరా!" అంది తోమాసా. "ఇది కడుపులో ఉన్నప్పుడు కూడా వాళ్లమ్మతో వాదించే ఉంటుంది."

బెలెన్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. చాలాసేపు చేతులవంకే చూసుకుంటూ కూర్చుంది. ఆ పరీక్ష సంగతి టీచరు చెప్పేసిందని పిల్లకి అర్థమైంది. చివరికి, "శనివారం వెళ్దాం. తెల్లారగట్లే," అంది.

జునిల్డా పీట ముందుకి జరుపుకుంది. "పొద్దున్నే నీ వేళ్లు..."

"అందుకేనమ్మా. ఎండెక్కాక వెళ్తే ఏదైనా తెరుస్తాను. ఏదైనా బాగానే ఉంటుంది. కొన్నాక బళ్లో మొదటి పీరియడ్‌లో తెరవలేకపోతే? నీళ్లలో కూడా పెట్టుకోను. ఎలా ఉంటే అలాగే వస్తాను."

ఆ మాట అన్నది పధ్నాలుగేళ్ల పిల్ల. జునిల్డా ఏదో అనబోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది.

శనివారం బస్సు నిండా కూలీలు, దుకాణాల్లో పనికెళ్లేవాళ్లు. ఆ ఊళ్లో దుకాణాలు కోడికూతకే తెరుస్తారు, మధ్యాహ్నానికి మూసేస్తారు. బస్సెక్కి అమ్ముకునే ఆమె దగ్గర జునిల్డా వేడివేడి చిపా, అంటే జున్ను రొట్టె, కొంది. బెలెన్ ఆ రొట్టె తుంచలేక రెండు అరచేతుల మధ్య పట్టుకుని కొరుక్కుతింది. తల్లి చేతులు వాటంతటవే లేచాయి. వాటిని సంచి కింద పెట్టుకుని దాని మీద గట్టిగా ఆనుకుంది.

దుకాణంలో నిదియానే ఉంది, గుర్తుపట్టింది. బెలెన్ ముందుకెళ్లి తనే చెప్పింది.

"నాకు కీళ్ల జబ్బుంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకుపోతాయి. ఇప్పుడలాగే ఉన్నాయి. నేను తెరవగలిగేది కావాలి."

నిదియా బెలెన్ వేళ్లు చూడబోయి ఆగి, పిల్ల మొహంలోకి చూసింది. "సరే. ఒక్కొక్కటీ ప్రయత్నించు. తొందరేం లేదు, గుంపులు ఇంకా రాలేదు."

మొదట తెర ఊడొచ్చేది. రెండు చేతులూ చాచి లాగాలి. బెలెన్ లాగింది, రాలేదు. మోచేతులు ఒంటికి ఆనించుకుని మళ్లీ లాగింది. టక్కున ఊడొచ్చి చేతిలోంచి జారింది, బల్లమీద దబ్బుమని పడింది. జునిల్డా ముందుకి వంగిపోయి, గాల్లోనే ఆగిపోయింది. అమ్మో, పగిలిపోయిందా, కట్టమంటారా, పిల్ల చేతికి తగిలిందా? అన్నీ ఒక్కసారే గొంతుదాకా వచ్చాయి. పళ్లు బిగబట్టింది. నిదియా తెరని తిప్పి చూసి, "ఏం కాలేదు, ఇవి రోజూ పడుతూనే ఉంటాయి" అంది. అబద్ధమే అయ్యుండొచ్చు. బెలెన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ వెనక్కి జరగలేదు.

తర్వాతది సన్నటిది, గులాబి రంగుది. క్లాసులో ఆడపిల్లలు ముచ్చటపడేది అలాంటిదే. బెలెన్‌కీ అదే కావాలని ఉంది, చూపులోనే తెలుస్తోంది. కానీ మూత కదల్లేదు. అరచేతి అడుగుభాగంతో తోసింది, మణికట్టుతో తోసింది. తల్లి తల తిప్పుకుని టీవీల వైపు చూసింది. అక్కడ అన్ని తెరల మీదా ఒకే చేప ఈదుతోంది. ఆ చేపనే చూస్తూ నిలబడింది. కాసేపయ్యాక బెలెన్ గొంతు వినిపించింది.

"ఇది తీసెయ్యండి." చెప్పాక కూడా దాని మూతమీద చెయ్యి అలాగే ఉంచింది కాసేపు. తర్వాత తీసింది.

ఇంకా మూడు చూశారు. నిదియా చివరికి కింది అరలోంచి బూడిదరంగు లాప్‌టాప్ ఒకటి తీసింది. లావుగా, అంచులకి రబ్బరుతో, అందం చందం లేకుండా ఉంది. "ఇది చిన్నపిల్లల బళ్ల కోసం చేసింది. పడినా ఏం కాదు. అందుకే చూపించలేదు నీకు," అంది మొహమాటంగా. మూత ముందు ఒక పెదవిలాంటి అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంది. బెలెన్ ముడుచుకున్న వేళ్ల వెనకభాగం దానికింద పెట్టి పైకి ఎత్తింది. తెరుచుకుంది. మూసి మళ్లీ తెరిచింది. మూత వెనక్కి తోస్తే చుట్టూ తిరిగి, బోర్లించిన పుస్తకంలా బల్లమీద తనంతట తాను నిలబడింది. చేత్తో మొయ్యక్కర్లేదు. తెరమీద ఏ వేలితో తాకినా పలికింది.

పెన్ను మాత్రం పుల్లంత సన్నం. పట్టు దొరకలేదు, రెండుసార్లు దొర్లిపోయింది. బెలెన్ జడకున్న లావుపాటి రబ్బరు బ్యాండు పళ్లతో లాగి తీసి, తిప్పలుపడి దాన్ని పెన్నుకి చుట్టుకుంది. ఇంకొకటుంటే బాగుండేదని వెనక్కి చూసింది. జునిల్డా మారుమాట లేకుండా తన జుట్టుముడి విప్పి రబ్బరు బ్యాండు అందించింది.

బెలెన్ తెరమీద వంకర అక్షరాల్లో ఏదో మెల్లగా రాసి, తల్లివైపు తిప్పింది. 'మా అమ్మ ఇంకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు' అని ఉంది.

నిదియా పకపకా నవ్వింది. జునిల్డా నవ్వబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటికి కూడా నోరున్నట్టు గబగబా తుడిచేసుకుంది.

కొనేముందు అర్సేనియోకి ఫోను చేశారు. దాని వివరాలు నిదియా చదివి వినిపిస్తే అతను మండిపడ్డాడు. "అది నత్తలా నడుస్తుంది! మెమరీ లేదు, ఏం లేదు. మోసపోకండి!"

"నా వేళ్ల కంటే వేగమే బాబాయ్," అంది బెలెన్. అర్సేనియో ఇంకాస్త గొణిగాడు. తర్వాత, "సరే, చార్జరు అక్కడే పెట్టి చూసుకోండి," అన్నాడు.

తిరుగు బస్సులో జునిల్డా ఆ డబ్బాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎక్కిన ప్రతి మనిషినీ దొంగేమోనని చూసింది. ఇప్పుడు మాట్లాడొచ్చు కదా అని మొదలుపెట్టి, ఇంటిదాకా ఆపలేదు.

అక్కడితో అన్నీ చక్కబడ్డాయనుకుంటే పొరపాటు. సోమవారం ఒక కుర్రాడు దాన్ని చూసి, ఏంటిది, టిఫిన్ డబ్బానా అన్నాడు. క్లాసంతా నవ్వింది. బెలెన్ ఆ రోజు దాన్ని మళ్లీ తెరవలేదు. మర్నాడు తెరిచింది. లెక్కల మాస్టారు కాగితం మీద చేస్తేనే చూస్తానని భీష్మించాడు. గ్రిసెల్డా టీచరు ఆయనతో పోట్లాడి, సగం పరీక్ష కాగితంమీద, సగం తెరమీద అని ఒప్పించేసరికి చలికాలం వచ్చింది. చలికి వేళ్లు మరీ బిగుసుకునేవి. ఆ రోజుల్లో బెలెన్ లాప్‌టాప్‌ని డేరాలా నిలబెట్టి నోటితో చెప్పి రాయించేది. ఒకసారి ఇంట్లో చరిత్ర పాఠంలోని యుద్ధం గురించి చెబుతుంటే వెనకాల తోమాసా కోళ్లని తిడుతోంది. ఆ తిట్లు ఆ దేశపు పాత భాష గ్వారానీలోవి, స్పానిష్ మాత్రమే తెలిసిన యంత్రానికి అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించి, సైన్యాధిపతి నోట్లో ఏవేవో మాటలు పెట్టింది. చూసుకోకుండా అలాగే పంపేసింది బెలెన్. టీచరు దాన్ని క్లాసులో చదివి వినిపించింది, బెలెన్ అనుమతితోనే. టిఫిన్ డబ్బా అన్న కుర్రాడు కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడట. తన తిట్లు బడిదాకా వెళ్లాయని తోమాసా వీధంతా చెప్పుకుంది.

ఏడాది చివర అన్నీ పాసైంది. లెక్కలు మాత్రం డిసెంబరులో మళ్లీ రాసి గట్టెక్కింది. జబ్బు తగ్గలేదు, పెరగలేదు కూడా. డాక్టరమ్మ దానికే సంతోషించమంది. జునిల్డా ఆ మాటకి సంతోషించింది, ఆ వెంటనే వచ్చే ఏడు గురించి కంగారుపడింది.

ఆసుపత్రి వసారాలో వాళ్ల వంతు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్నావిడ ఆ బూడిదరంగు లాప్‌టాప్‌ వైపు చూసి, తన చిన్నకొడుక్కి కూడా ఏదో కొనాలని, ఏది మంచిదో చెప్పమని అడిగింది. కొడుకు ఆవిడ భుజంమీద నిద్రపోతున్నాడు, వేళ్లు వాచి ఉన్నాయి.

"ఏది మంచిదో నాకు తెలీదండీ," అంది జునిల్డా. "మీవాణ్ణి తీసుకెళ్లండి. చేతులు బాగాలేని వేళ చూసి తీసుకెళ్లండి. వాడే తెరవాలి. మీరు సాయం చెయ్యకండి. చాలా కష్టం అది, ముందే చెబుతున్నాను."

జునిల్డా ఆవిడ ఫోను నంబరు తీసుకుంది. ఎర్నందారియాస్ చేరీ చేరకముందే బస్సులోంచి మెసేజీ పెట్టింది, కొన్నారా అని. ఆదివారం ఇంకొకటి పెట్టింది, మూత అంచు చూశారా, పెన్ను లావుందా అని.

"వదిలెయ్యమ్మా ఆవిణ్ణి," అంది బెలెన్.

"ఒక్కసారి అడిగాను, అంతేగా," అంటూ జునిల్డా మూడో మెసేజీ కొట్టడం మొదలుపెట్టింది.